మూడో రంధ్రంలో గంధం

కబురు నాకు మొదట తెచ్చింది నాతో పనిచేసే హషీమ్. సింగపూర్ పాయా లేబర్‌లో ఒక పాత కట్టడం నాలుగో అంతస్తులో ఉండేది మా వర్క్‌షాపు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను డబ్బా విప్పుకుని పెరుగన్నం తింటున్నాను. మసీదు నుంచి తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అన్నం తినేవాళ్ళను కదిలించే మనిషి కాడు. ఎంత ముంచుకొచ్చే పనైనా "ముందు మకాన్, తిండి కానివ్వు" అనేవాడు. ఆ రోజు ఆగలేదు.

"కకక్, నాలుగో పెట్టె విప్పాను. మూడో రంధ్రంలో ఏదో ఉంది."

"తుప్పా?"

"తుప్పు కాదు లా. ఎర్రగానే ఉంది, కానీ తుప్పు కాదు."

"మట్టేమో."

"మట్టికి ఇంత మంచి వాసనా? నువ్వే వచ్చి చూడు."

చెయ్యి కడుక్కుని వెళ్ళి పెట్టెను ముక్కు దాకా ఎత్తాను. గంధం, దాంట్లో కాస్త కుంకుమ. ముప్పై ఏళ్ళుగా నా చేత్తో అరగదీస్తున్న చెక్క. వేరే వాళ్ళ దేవుడిదని బుకాయించడానికి కూడా వీల్లేదు.

పది రోజుల కిందట, గాలి పీడనం కొలిచే ఆ పెట్టె మీదుగా సముద్రపు సుడి ఒకటి నడిచి వెళ్ళింది. అది మూడేళ్ళుగా ఎదురుచూసిన కొలత. ఆ కొలత మీద ఒక పిల్ల ఉద్యోగం ఆధారపడి ఉంది. రంధ్రంలో గంధం ఉందంటే కొలత తప్పు. గంధం పెట్టింది నేను.

నా గాజుకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీశాను. ఒక్క పోటు పొడిస్తే చాలు, ఆవగింజంత ముద్ద బయటికి వచ్చేస్తుంది. హషీమ్ కిటికీ వైపు తిరిగాడు.

"నీ చెయ్యి, కకక్. నీ ఇష్టం."

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి, ఆ పిన్నీసును అలాగే గాల్లో ఆపి, పనేమిటో ముందు చెబుతాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండు. రెండుసార్లూ కుర్చీ మారింది.

ఆఫీసు వేళలు పాటించే గాలి

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడిందని డాక్టరు పరుగెత్తవద్దన్నాడు. మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి అసలు బడికే వద్దంది. మా నాన్న బందరులో వాతావరణం రాసుకునే ఉద్యోగి. పాదరసం గొట్టంలో పీడనం చూసి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. నా కూడికలు, తీసివేతలు, దశాంశాలు అన్నీ ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను. ఆయన నాకు చెప్పిన పాఠం ఒకటే. "కనబడింది రాయి తల్లీ. కనబడాల్సింది రాయకు." ఇంత చిన్న పాఠం కాబట్టి తేలికనుకున్నాను. నలభై ఏళ్ళు పట్టింది.

పెళ్ళయి సింగపూర్ వచ్చాక ఈ వర్క్‌షాపులో పనికి దరఖాస్తు పెట్టాను. పరీక్షలన్నీ ఇంట్లో చదివి ప్రైవేటుగా కట్టినవే. పాఠశాల పేరు అన్న గడిలో ఏం రాయాలో తోచక "నాన్న" అని రాశాను. యజమాని మిస్టర్ గోహ్ దాన్ని ఏదో కాన్వెంటు పేరనుకున్నాడు. నేను దిద్దలేదు. మొదటిరోజే నా పేరు అన్నపూర్ణను సగానికి విరిచి "అన్నా" అని ఖాయం చేశాడు. అప్పట్నించి రిటైరయ్యే దాకా బాస్‌కు నేను అన్నని. హషీమ్‌కు మాత్రం కకక్‌ని, అంటే మలయ్ భాషలో అక్కని. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరికి అన్నా, మరొకరికి అక్కా కాగలిగిన భాగ్యం ఎందరికి దక్కుతుంది? దేవుడి దయ.

ఒత్తిడి కొలిచే పరికరాలు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూసి, సరే అని సంతకం పెట్టడం మా వ్యాపారం. పీడనం అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలుండటం ఊరికే కాదు. బాస్ గదిలో ఒకటి అనుభవించి, బయటికొచ్చి రెండోది కొలిచేదాన్ని.

సింగపూర్ గాలంత క్రమశిక్షణ గల గాలిని నేను ఎక్కడా చూడలేదు. పొద్దున పదింటికి పీడనం పెరుగుతుంది, సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది, రాత్రి మళ్ళీ పెరుగుతుంది. రోజంతా కష్టపడితే తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. సెలవు పెట్టదు, సమ్మె చెయ్యదు. బందరులో అల్పపీడనమంటే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవాళ్ళం. ఇక్కడ పీడనమంటే రక్తపోటు గురించి అడుగుతున్నాననుకుంటారు. ఇలాంటి ఊళ్ళో కూర్చుని సుడిగాలి లోపలి పీడనం కొలిచే పెట్టెలు తయారు చెయ్యడం యీషున్‌లో చలికోట్ల కొట్టు పెట్టడం లాంటిది. మేము ఆ కొట్టు పెట్టాం.

నాకు ఇష్టమైన పరీక్ష పుస్తకాల్లో లేదు. పరికరాన్ని ఒళ్ళో పెట్టుకుని యీషున్‌లో మా ఫ్లాటు లిఫ్టులో కిందినుంచి ఇరవయ్యో అంతస్తుకు వెళ్ళడం. ఎత్తు పెరిగే కొద్దీ పీడనం తగ్గుతుంది. ఆరు మిల్లీబార్లకు కాస్త పైగా తగ్గాలి. దిగితే అంతే పెరగాలి. ఒకసారి అలా ఐదోసారి ఎక్కుతుంటే పక్కింటి తమిళావిడ పట్టుకుంది.

"ఏం ఆంటీ, ఇల్లు మరిచిపోయారా?"

"లేదమ్మా, దీన్ని తిప్పుతున్నాను."

ఆవిడ పెట్టెను చూసింది, నన్ను చూసింది. "పాపం, అంకుల్‌కి తెలుసా?" అని తన అంతస్తులో దిగిపోయింది. నా ఆరోగ్యం గురించి ఆ వారం మా ఆయన దగ్గర వాకబులు ఎక్కువయ్యాయి.

నేల మీద నాలుగు రంధ్రాలు

స్రవంతి కరీంనగర్ పిల్ల. ఇక్కడ ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేసేది. సుడి నడుమ, నేలకు ఆనుకుని, పీడనం ఎంత పడుతుందో కొలవాలని ఆమె పట్టు. పైనుంచి రాడార్లు చూస్తాయి, కానీ నేల దగ్గర ఏం జరుగుతుందో వాటికి తెలియదు. ఇళ్ళు, మనుషులు ఉండేది నేల మీదే. ఈ చిన్న సంగతి పై అంతస్తుల్లో కూర్చున్నవాళ్ళకు అర్థం కావడానికి ఆమెకు ఏడాది పట్టింది.

ఇక్కడ సముద్రం మీద అప్పుడప్పుడు సుడులు లేస్తాయి. కొన్ని ఒడ్డు దాకా వస్తాయి. పడమటి తీరంలో కొత్తగా పూడ్చిన ఖాళీ నేల మీద ఆరు పెట్టెలు పరిచిపెట్టి, ఏదో ఒకటి వాటి మీదుగా నడిచి వెళ్ళేదాకా ఎదురుచూడాలి. హాకర్ సెంటర్ తిండిదుకాణాల్లో టిష్యూ ప్యాకెట్టు పడేసి బల్ల చోప్ చేసుకున్నట్టు, అంటే ముందే మాదని పట్టుకున్నట్టు, మేము సుడిగాలి దారిని చోప్ చేసుకుని కూర్చున్నాం. టిష్యూ ప్యాకెట్టంటే మనుషులకు గౌరవం. సుడికి లేదు.

పెట్టె తయారీలో కష్టమంతా రంధ్రంలో ఉంది. గాలి ఎదురుగా కొట్టే రంధ్రంలోకి తోపు వస్తుంది, పీడనం ఎక్కువ చూపిస్తుంది. పక్కనా వెనకా ఉన్న రంధ్రాలను గాలి పీలుస్తుంది, తక్కువ చూపిస్తుంది. నిజమైన పీడనం ఈ రెండింటి మధ్య దాక్కుని ఉంటుంది. అందుకే బోర్లించిన పళ్ళెంలా ఏటవాలుగా ఉండే మూత చేసి, చుట్టూ నాలుగు వైపులా నాలుగు రంధ్రాలు పెట్టాం. నాలుగింటి గాలీ లోపల ఒకచోట కలిసి సర్దుకుంటుంది. ఆ మూతలన్నీ హషీమ్ చేత్తో చేసినవే. రంధ్రం అంచున వెంట్రుకంత గరుకున్నా వేలికొసతో పట్టేసేవాడు.

గోహ్‌కు రంధ్రాల మీద ఆసక్తి లేదు. కానీ డబ్బు రాని ఈ పనిని మూడేళ్ళు నడవనిచ్చినవాడు కూడా ఆయనే. వచ్చిన అతిథులందరికీ "మాది సుడిగాలి వర్క్‌షాపు" అని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. మనిషికి ఉన్న మంచిని, అది ఎందుకు వచ్చిందని ఆరా తీయకుండా గుర్తుపెట్టుకోవడం నేను పూజలో నేర్చుకున్నాను. పూజలో నేర్చుకున్న మరో సంగతి ఇప్పుడు చెబుతాను.

పెట్టెకు బొట్టు

ప్రతి ఏడూ దసరాల్లో వర్క్‌షాపులో పరికరాలకు బొట్టు పెట్టేదాన్ని. గోహ్ అడ్డు చెప్పలేదు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూడా ఒక ఎర్రని దేవుడున్నాడు. ఆ ఏడు ఆయుధపూజ నాటికి ఆరు పెట్టెలూ పరీక్షకని తీరం నుంచి వచ్చి ఉన్నాయి. మర్నాడు తిరిగి వెళ్ళాలి.

నేను తెలివితక్కువదాన్ని కాను. రంధ్రాల మీద పెట్టకూడదని నాకు తెలుసు. పెట్టె నడినెత్తిన, రంధ్రాలకు బెత్తెడు పైన, గంధం రాసి కుంకుమ పెట్టాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. హషీమ్ చూస్తూ అడిగాడు.

"కకక్, తుడవాలా దీన్ని?"

"దేవుడి బొట్టు తుడుస్తారా ఎక్కడైనా? దానంతటదే రాలిపోతుంది."

నా దేవుడి విషయంలో నాకంటే మర్యాదగా ఉండేవాడు.

రాలిపోలేదు. ఏటవాలు మూత, నెత్తిన బొట్టు, దాని కింద రంధ్రాలు, మధ్యాహ్నం వాన. జీవితమంతా గాలి ఎటు పోతుందో లెక్కలు కట్టిన మనిషికి నీళ్ళు పల్లానికి పోతాయని తట్టలేదు. ఐదు పెట్టెల మీది గంధం నేల పాలైంది. నాలుగో పెట్టె మీది గంధం మూడో రంధ్రంలో దూరి గట్టిపడింది. ఆ రంధ్రం సముద్రం వైపుంది.

రెండు వారాలకు సుడి వచ్చింది. మూడేళ్ళు రానిది, సరిగ్గా నాలుగో పెట్టె మీదుగా, సముద్రం వైపు నుంచి వచ్చింది. అరనిమిషంలో ఇరవై రెండు మిల్లీబార్లు పడింది. స్రవంతి ఫోన్లో అరిచిన అరుపు మా ఆయనకు వంటింట్లోకి వినబడింది.

"ఆంటీ! ఇరవై రెండు ఆంటీ, ఇరవై రెండు! గింత పడ్డట్టు ఈ సైడు ఎవ్వలు చూడలే. మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చిన!"

డిసెంబరుతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. మూడేళ్ళలో ఒక్క కొలతా లేని ప్రాజెక్టును ఎవరూ పొడిగించరు. ఇరవై రెండు మిల్లీబార్లున్న ప్రాజెక్టును ఎవరూ ఆపరు. సోమవారం ఆమె పైవాళ్ళు మా వర్క్‌షాపుకే వచ్చి పెట్టెను చూస్తామన్నారు. గోహ్ తలుపు దగ్గర పూలకుండీ పెట్టించాడు.

పిన్నీసు

ఇక పిన్నీసు దగ్గరికి వస్తాను.

పొడవలేదు. గొప్పతనం వల్ల కాదు. అతను అటు తిరిగి ఉండగా పొడవబుద్ధి కాలేదు, అంతే. తిరిగి గాజుకు తగిలించుకున్నాను. హషీమ్ "తాకవద్దు" అని రాసిన చీటీ పెట్టెకు కట్టాడు. ఆ చీటీ అందరికా, నాకా అని అడగలేదు.

శనివారం గుడికి వెళ్ళాను. ఆంజనేయుడికి పదకొండు ప్రదక్షిణలు చేశాను. వాయుదేవుడి కొడుకు కదా, గాలి విషయం కాస్త పట్టించుకుంటాడని. స్వామీ, ఆ పిల్ల పొట్ట కొట్టకుండా, నేను అబద్ధమాడకుండా, హషీమ్ మాట పడకుండా దారి చూపించు, అని అడిగాను. మూడు వరాలు, పదకొండు ప్రదక్షిణలు. బేరం బాగానే ఉందనుకున్నాను. ఆదివారం స్రవంతి సెరంగూన్ నుంచి మైసూరుపాకు డబ్బాతో మా ఇంటికి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. దాన్నే స్వామి జవాబనుకుంటే, అది ఎటు చెప్పినట్టు? నేను నోరు విప్పలేదు. మైసూరుపాకు తిన్నాను. ఈ వ్యాసంలో నా గురించి రాయడానికి నాకు కష్టమైన వాక్యం ఇదే.

సోమవారం అతిథులు రావడానికి గంట ముందే గోహ్ ఆ చీటీ చూశాడు. స్రవంతి కూడా అక్కడే ఉంది.

"హషీమ్! ఏమిటిది?"

"రంధ్రంలో అడ్డం ఉంది, బాస్."

"ఈ పెట్టె చూసి పంపింది ఎవరు?"

"నేనే."

"ఇరవై ఆరేళ్ళ సర్వీసు! ఒక్క రంధ్రం చూడలేవా? కళ్ళద్దాలు కొనిపెట్టాలా?"

"చూడాల్సింది, బాస్."

బొట్టు మాట ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. గోహ్ జేబులోంచి రుమాలు తీశాడు. "సరే, తుడిచెయ్. గంటలో మనుషులొస్తారు."

"తుడవను, బాస్."

"తుడవవా? అయితే నేను తుడుస్తాను."

"ఇది ఉన్నప్పుడే కొలత వచ్చింది. ఇది పోతే ఆ కొలత ఏమిటో ఎవరికీ తెలియదు," అన్నాడు హషీమ్. అతను పనిలో ఉండగా బాస్‌తో అంత పొడుగు మాట మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడు మాట్లాడాను. దేవుడు నడిపించాడని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి హషీమ్ తలవంచుకుని నిలబడి ఉండటం చూడలేక.

"అది నేను పెట్టిన బొట్టు. తుడుస్తానని అతనంటే నేనే వద్దన్నాను. శుక్రవారం నుంచి నాకు తెలుసు."

గోహ్ రుమాలు పట్టుకున్న చెయ్యి దించాడు. "అన్నా," అన్నాడు, "నీ దేవుడికి పెట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

స్రవంతి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని రంధ్రంలోకి చూసింది.

"నిన్న చెప్పొద్దా ఆంటీ?"

"చెప్పాల్సింది."

"మైసూరుపాక్ తిన్నరు గదా."

"తిన్నానమ్మా."

ఆమె లేచింది. కళ్ళు తుడుచుకుని గోహ్ చేతిలోని రుమాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎవ్వలు ముట్టొద్దు దీన్ని. గిట్లనే తీస్కపోత. గాలి టెస్టుల పెడత."

అతిథులు వచ్చారు. పూలకుండీని మెచ్చుకున్నారు. మిగతాది స్రవంతే చెప్పింది, తిన్నగా, నా పేరు లేకుండా.

సగం, కాస్త పైన

గంధంతో సహా పెట్టెను విశ్వవిద్యాలయంలో గాలి ఊదే పెద్ద గొట్టంలో పెట్టారు. మూసుకుపోయిన రంధ్రం వైపు నుంచి ఊదితే తోపు లోపలికి రాలేదు, పీల్పు ఒక్కటే మిగిలింది. పెట్టె లేని లోతును చూపించింది. ఆ లేనిది ఎంతో కొలిచి తీసేస్తే మిగిలింది పదమూడు. ఆ గంధాన్ని తుడిచేసి ఉంటే పదమూడూ లేదు, ఇరవై రెండూ లేదు. అనుమానం మాత్రం మిగిలేది.

సత్యానికి గొప్ప బహుమతి వస్తుందని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. స్రవంతికి వచ్చింది ఆరు నెలల పొడిగింపు. ఆ ఆరు నెలల్లో ఒక్క సుడీ రాలేదు. కాంట్రాక్టుల సంగతి సముద్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత ఆమె వేరే దేశంలో వేరే ఉద్యోగానికి వెళ్ళింది. పండగలకు ఫోన్ చేస్తుంది. "రంధ్రాలు మంచిగున్నయా ఆంటీ?" అని అడుగుతుంది. నా కుశలం ఆ తర్వాత.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట. మీకు కావలసిన అంకె వచ్చినప్పుడే పరికరాన్ని విప్పి చూడండి. వద్దనుకున్న అంకె వస్తే ఎలాగూ విప్పుతారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే చెయ్యి భక్తిగల చెయ్యి అయితే ఇంకా రెండుసార్లు చూడండి. భక్తి కంటికి అడ్డం పడదని నేనూ అనుకునేదాన్ని.

మరుసటి దసరాకు హషీమ్ నా బల్ల మీద ఒక మూత పెట్టాడు. అదే ఏటవాలు, అదే నునుపు, అదే తెల్లరంగు. తిప్పి చూశాను. ఒక్క రంధ్రం లేదు.

"ఇది నీ దేవుడికి, కకక్. ఎంత కావాలంటే అంత పెట్టుకో. దీనికి క్యాలిబ్రేషన్ అక్కర్లేదు లా."

ఏటా ఆయుధపూజకు బొట్టు దానికే పెట్టాను. రిటైరయిన రోజు ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడది యీషున్‌లో మా పూజగదిలో, ఆంజనేయుడి పక్కన ఉంది. హషీమ్ ఈ ఏడు ఉపవాసాల నెల ముగిసిన కొద్దిరోజులకు పోయాడు. కబురు చెప్పడానికి అతని కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అన్నం తింటున్నాను.

ఆ పిల్ల ఫోన్ పెట్టేశాక ఆ మూత తీసి వేలితో అంచంతా తడిమి చూశాను. ఎక్కడా గరుకు లేదు.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక పరికరం విప్పి, లోపల ఉండకూడనిది చూసి, చేతిలోకి గుడ్డ తీసుకుంటే, తుడిచే ముందు ఒక్క క్షణం ఆగండి. తుడవనన్న హషీమ్‌ను ఆ క్షణంలో తలుచుకోండి. నా పేరు అక్కర్లేదు. అన్నా అనో, కకక్ అనో, అది ఎలాగూ ఎవరికీ సరిగ్గా తెలియదు.